పరిశుద్ధుల మీద తెల్ల దుప్పట్లు

మా పాత ఊళ్లోని మీలా ఆంటీ పోయిందని వాళ్లమ్మాయి కాత్యా మెసేజ్ పెట్టింది. అది చూసేసరికి నేను అల్ఫారెట్టాలో మా తెలుగు చర్చి వంటింట్లో కొత్తిమీర తరుగుతున్నాను. మా సంఘానికి ఇప్పుడు సొంత బిల్డింగ్ ఉంది, సొంత వంటిల్లు ఉంది, తాలింపు పొగని ఇట్టే లాగేసే పెద్ద ఫ్యాను ఉంది. ఎవరి దయా అక్కర్లేకుండా ఆదివారం మధ్యాహ్నం మా కోడికూర మేం వండుకుంటాం. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కార్లోకి వెళ్లి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. కాత్యా నాకు ఫేస్‌బుక్‌లో దొరికి చాలా ఏళ్లయింది. పండగకో మాట, పిల్లల ఫోటోకో లైకు, అంతే మా స్నేహం. మీ అమ్మగారు ఎలా ఉన్నారని ఒక్కసారైనా అడగలేదు. అడిగితే పాత సంగతులు పైకొస్తాయని నా భయం.

డెబ్భైల చివర్లో మేం పెన్సిల్వేనియాలో, నది ఒడ్డున ఒక స్టీలు ఊళ్లో ఉండేవాళ్లం. మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు. అమ్మ నర్సు. ఆవిడ ఉద్యోగం మీదే మేం అమెరికా వచ్చాం. గుంటూరు దగ్గర మిషన్ హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పదిమంది చేత నమస్కారాలు పెట్టించుకున్న నాన్నగారు, ఇక్కడ అదే హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం సీసాలకు చీటీలు అంటించేవారు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తేవారు కాదు. అక్కడివాళ్లు ఇమ్మానుయేలు అన్న పేరును కత్తిరించి మాన్యువల్ అని పిలిస్తే పలికేవారు. కానీ శనివారం సాయంత్రం అయ్యేసరికి మళ్లీ మాస్టారైపోయేవారు. వంటింట్లో అమ్మ చింతపండు ఉడికిస్తుంటే, నాన్నగారు పేపరు పరిచి ఇంట్లో ఉన్న బూట్లన్నీ వరసగా పెట్టుకుని పాలిష్ చేసేవారు. ఆదివారం పూట ఆ పని చేయకూడదు. చేతులు బూట్ల మీద, నోట కీర్తన. చింతపులుసు వాసన, బూట్‌పాలిష్ వాసన కలిసి ఎక్కడైనా తగిలితే నాకిప్పటికీ శనివారం అనిపిస్తుంది.

మా ఇంటి గోడలు ఖాళీగా ఉండేవి. తెలిసినవాళ్ల ఇళ్లల్లో గొర్రెపిల్లనెత్తుకున్న యేసుప్రభువు కేలండరైనా ఉండేది, మా ఇంట్లో అదీ లేదు. మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్న రోజున ఇంట్లో ఉన్న దేవతారాయిని మోసుకెళ్లి కాలవలో పారేశాడట. పారేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాడట. ఈ కథ మా నాన్నగారు చెప్పినన్ని సార్లు బైబిల్లో కథలు కూడా చెప్పి ఉండరు. బొమ్మకి తల వంచని వంశం మాది అనేవారు. మాకు ఆస్తిపాస్తులు లేవు కాబట్టి ఆ మాటే మాకు ఆస్తి. చిన్నప్పుడు నేనూ మెడ నిక్కించుకుని వినేదాన్ని.

చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు నెలకోసారి, రెండో ఆదివారం, ఎక్కడో ఒకచోట కలిసి ఆరాధన చేసుకునేవి. మొదట ఒక అమెరికన్ చర్చివాళ్లు గది ఇచ్చారు. ఆరాధనకి అభ్యంతరం లేదు కానీ, తర్వాత భోజనాల వాసన వాళ్ల కర్టెన్లకు పట్టేస్తోందని మర్యాదగా చెప్పి పంపేశారు. భోజనం లేకుండా మనవాళ్లు ప్రార్థనకి మాత్రం వస్తారా? రెండు గంటలు మంచులో డ్రైవ్ చేసి వచ్చేది సగం దేవుడి కోసమైతే, సగం తోటి తెలుగువాళ్లతో కూర్చుని అన్నం తినడం కోసం. అప్పుడు అమ్మ దగ్గర ప్రసవమైన ఒకావిడ, సెర్బియన్ ఆర్థొడాక్స్ చర్చి ఫాదర్ భార్య, మా హాలు వాడుకోండి అంది. ఆవిడే మీలా ఆంటీ. వాళ్ల ఫాదర్లు పెళ్లి చేసుకుంటారు. ఆ ఫాదర్ పేరు లూకా. నల్లటి అంగీ, పొట్ట మీదికి గడ్డం, చేతులు మాత్రం మిల్లు కార్మికుడి చేతులు. తాళంచెవి నాన్నగారి చేతిలో పెట్టి, వంటిల్లు కూడా మీదే అన్నారు. అద్దె మాట ఎత్తితే చెయ్యి ఊపేశారు.

హాలు చర్చి కింద, నేలమాళిగలో ఉండేది. మెట్లు దిగగానే మైనం, సాంబ్రాణి, క్యాబేజీ కలిసిన వాసన. మొదటిరోజు మావాళ్లంతా గిన్నెలు పట్టుకుని దిగి, అక్కడే ఆగిపోయారు. మూడు గోడల నిండా మనుషులు. నిలువెత్తు పరిశుద్ధులు, తలల వెనక పసుపు వలయాలు, పెద్దపెద్ద కళ్లు. ఎటు తిరిగినా మనల్నే చూస్తున్నారు. ఈ చర్చివాళ్ల పెద్దలు సెర్బియాలో వదిలి వచ్చిన ఊళ్లో, కొండ మీద, చాలా పాతకాలపు చర్చి ఒకటి ఉందట. దాని గోడల మీద ఉన్న బొమ్మల్ని, ఈ ఊళ్లో కొలిమి దగ్గర పనిచేసే ఒకాయన, డ్యూటీ దిగాక వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడ వేశాడట. మీలా ఆంటీ ఈ ముక్క గర్వంగా చెప్పి వెళ్లిపోయింది. మావాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇన్ని విగ్రహాల మధ్య ప్రార్థన ఎలాగ అని దేవదానం అంకుల్ అన్నాడు. చోటు వదులుకోవడానికి ఎవరికీ మనసు లేదు. చివరికి నాన్నగారే ఉపాయం చెప్పారు. తర్వాతి నెల అమ్మ ఇంట్లో ఉన్న తెల్ల దుప్పట్లన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. మగవాళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టారు. ఆడవాళ్లు క్లిప్పులు పెట్టి దుప్పట్లు ఆరేశారు. పరిశుద్ధులంతా దండెం వెనక్కి పోయారు. మాకు మా ఇంటి గోడల్లాంటి తెల్లటి గోడలు వచ్చాయి. ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. వెళ్లేటప్పుడు అన్నీ తీసి మడతపెట్టేవాళ్లం కదా, వాళ్ల గోడకి మేకైనా కొట్టలేదు కదా అనుకున్నారు.

పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, పిల్లలం దుప్పట్ల వెనక దూరేవాళ్లం. కాత్యా కూడా మాతో చేరేది. గోడకీ దుప్పటికీ మధ్య ఆ సందులో పరిశుద్ధులు మాకు మరీ దగ్గరగా, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా ఉండేవారు. వాళ్లలో ఒకాయనకు ఒక కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. వెయ్యడం రాక కాదు, అసలు గోడ మీద కూడా అలాగే ఉందని కాత్యా చెప్పేది. నాకు అందరికన్నా ఆయనే ఇష్టం. ఇంట్లో మాత్రం ఈ మాట ఎప్పుడూ అనలేదు.

ఒక చలికాలం రెండో ఆదివారం, భోజనాల మధ్యలో మంచు తుఫాను వచ్చింది. దూరం వెళ్లాల్సినవాళ్లు కంగారుపడిపోయారు. గిన్నెలు కార్లలో పడేసి, పిల్లల్ని లాక్కుని అందరూ బయల్దేరారు. దుప్పట్లు అలాగే ఉండిపోయాయి. మాకు గుర్తొచ్చేసరికి రోడ్లు మూసేశారు. ఆ మర్నాడు వాళ్ల చర్చిలో ఎవరిదో వర్ధంతి. మంచులో నడిచి వచ్చిన ముసలివాళ్లు, భోజనానికి హాల్లోకి దిగి, చుట్టూ తెల్లటి గోడలు చూశారు. ఒక ముసలాయన మెట్ల మీదే కూలబడిపోయాడట. దుప్పట్లు చూసి మనిషి కూలబడ్డం ఏమిటో మాకు అర్థం కాలేదు. ఫాదర్ ఫోన్ చేసి, వీలు చూసుకుని ఒకసారి రమ్మన్నారు. ఆయన గొంతులో కోపం లేదని నాన్నగారు చెప్పారు. చెబుతూనే టై కట్టుకున్నారు. కాత్యాతో ఆడుకోవచ్చని నేనూ బయల్దేరాను, కానీ ఆరోజు ఆడుకోలేదు. హాల్లో ఒక బల్ల దగ్గర నాన్నగారి పక్కన కూర్చుని అంతా విన్నాను. దుప్పట్లు అమ్మ మడతపెట్టినదానికన్నా శుభ్రంగా మడతపెట్టి బల్ల మీద ఉన్నాయి.

ఫాదర్ లూకా చిన్న గిన్నెలో కాఫీ కాచి పోసి, దుప్పట్ల మాట ఎత్తకుండా, కొండ మీది ఆ చర్చి కథ మొదలుపెట్టారు. దాన్ని కట్టించింది ఆ సీమని ఏలిన ఒక ప్రభువు భార్యట. యుద్ధంలో భర్తా కొడుకులూ పోయి, పాతిపెట్టడానికి శవాలు కూడా దొరక్కపోతే, ఆ కొండ మీద చర్చి కట్టించి, పక్కనే సన్యాసులకు మఠం ఏర్పాటు చేసింది. ప్రార్థనకి వచ్చినప్పుడు తన చుట్టూ మనుషులు ఉండాలని గోడల నిండా పరిశుద్ధుల్ని నిలువెత్తున వేయించింది. సన్యాసులు తేనెటీగలు పెంచారు, ద్రాక్షతోట వేశారు, పుస్తకాలు చేత్తో రాసుకున్నారు. కొన్ని తరాల తర్వాత పరాయి సేన వచ్చింది. కప్పు మీది సీసం రేకులు ఊడదీసి గుండ్లు పోసుకున్నారు. లోపల గుర్రాల్ని కట్టేశారు. బొమ్మలు కనబడకుండా గోడలకు సున్నం కొట్టారు, పొర మీద పొర. మఠం పాడుబడింది. ఊళ్లోవాళ్లు మాత్రం మానలేదు. తెల్లగోడ ముందు నిలబడి, ఇక్కడ ఫలానా ఆయన, ఇక్కడ ఆయన తల్లి అని గుర్తుపెట్టుకుని, పిల్లలకి వేలు పెట్టి చూపించేవాళ్లు. తాతలూ మనవలూ చూడకుండానే మొక్కి చచ్చిపోయారు. చివరికి కప్పులేని గోడల మీద వానలు పడి పడి, సున్నం పెచ్చులూడి, ఒక్కొక్క ముఖమే బయటపడిందట. అది చూసినవాళ్లలో ఈ హాలుకి వచ్చే ముసలివాళ్ల తాతలు ఉన్నారు. బొమ్మల కళ్లు పీకేసింది కూడా సైనికులేనని అందరూ అంటారు కానీ, కొన్ని మా అమ్మమ్మలు చేసిన పనే అని ఫాదర్ నవ్వారు. పిల్లలకి కంటిజబ్బు వస్తే తల్లులు పరిశుద్ధుడి కంటి దగ్గర గోడ గీకి, ఆ పొడి నీళ్లలో కలిపి కళ్లకు పెట్టేవాళ్లట.

"తగ్గేదా?" అని నాన్నగారు అడిగారు. సైన్సు మాస్టారి ప్రశ్న.

"తగ్గినవాళ్లు చెప్పుకున్నారు. తగ్గనివాళ్లు ఊరుకున్నారు," అన్నారు ఫాదర్.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. తెల్లగోడ అంటే తమవాళ్లకి ఏమిటో మీకు తెలిసే అవకాశం లేదు, అందుకని మొన్న వాళ్లతో ఒక మాట చెప్పాను అన్నారు. "ఇండియావాళ్లు వండుకునేటప్పుడు పొగ తగిలి బొమ్మలు పాడవుతాయని భయపడి, జాగ్రత్తగా కప్పుతారని చెప్పాను. మావాళ్లు సంతోషించారు. నిజం నాకు తెలుసు, మాన్యువల్. ఇక్కడి మిల్లుల్లో మావాళ్లతో పనిచేసినవాళ్లలో, బొమ్మలు కూడదనే మీలాంటి క్రైస్తవులు ఉన్నారు. అది మన ఇద్దరి మధ్య ఉండనివ్వండి." నాన్నగారు దుప్పట్లు చంకలో పెట్టుకుని లేచారు. థాంక్స్ అని కూడా అనలేదు. ఇంటికి వచ్చేదారిలో కారు సిగ్నల్ దగ్గర ఆగితే, గ్రీన్ పడినా కదలలేదు, వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా.

ఆ అబద్ధం పెరిగి పెద్దదైంది. వాళ్ల ఆడవాళ్లంతా కూర్చుని, దుప్పట్లకి బదులు మా కోసం తెరలు కుట్టారు. ముదురు ఎరుపు గుడ్డ, అంచుల వెంబడి చేత్తో వేసిన కుట్టుపని, ఇత్తడి రింగులు. గోడల పైన కడ్డీలు కూడా బిగించారు. వాళ్ల ఉపవాసకాలం మొదలయ్యే ముందరి ఆదివారం మా కుటుంబాలన్నిటినీ భోజనానికి పిలిచారు. నాన్నగారు పొగ కథ మావాళ్లకి చెప్పక తప్పలేదు. మావాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్నారు. "నోరు మూసుకుని వెళ్లి తిని వద్దాం అన్నయ్యా, ఈ హాలు పోతే ఎక్కడికి పోతాం?" అని దేవదానం అంకుల్ అన్నాడట. అమ్మ కూడా అదే అంది. ఆ వారం వాళ్లు మాంసం ముట్టరని తెలిసి, పులిహోరా గుడ్లపులుసూ చేసింది. శనివారం నాన్నగారు బూట్లు పాలిష్ చేశారు కానీ, పాడలేదు.

ఆ భోజనం నాకు ముద్ద ముద్దా గుర్తుంది. జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, ఉడికించిన గుడ్లు, తీపి బన్నులు, వాటి మధ్యలో మా పులిహోర. వాళ్లు దాన్ని చెంచాతో తింటూ, కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూ బావుందన్నారు. చర్చి పెద్ద ఒకాయన లేచి, మా పరిశుద్ధుల్ని మాకన్నా భద్రంగా చూసుకున్న అతిథులని మమ్మల్ని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా బల్ల దగ్గర మాత్రం పెద్దవాళ్లందరూ కంచాల్లోకి చూస్తున్నారు. అప్పుడు ఆ బొమ్మలు వేసినాయన భార్య లేచి వచ్చింది. అనా మామ్మ అని పిలిచేవాళ్లం. భర్త పోయి కొన్నేళ్లయింది. నల్ల గుడ్డలు, నల్ల తలగుడ్డ. నాన్నగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

"మా ఆయన వేసినవాళ్లలో మీకు ఎవరు ఇష్టం?"

అంత మామూలు ప్రశ్న. నాన్నగారు తెరల వంక చూశారు. ఆయన ఆ బొమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. మెట్లు దిగగానే తల వంచుకుని తాడు కట్టడం, వెళ్లేటప్పుడు తల వంచుకునే తాడు విప్పడం. నేను కుర్చీ దగ్గరికి వంగి తెలుగులో మెల్లగా చెప్పాను: "కన్ను లేనాయన అని చెప్పండి నాన్నగారూ. అక్కడ, మూల." ఆయన నావంక చూసిన చూపు నాకిప్పటికీ మరుపు రాదు. కూతురు తన వెనక ఆ బొమ్మల్ని చూస్తోందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ జవాబు ఆయనకి అక్కరకొస్తుందని నాకు తెలిసిపోయింది. అయినా వాడుకోలేదు. లేచి నిలబడ్డారు.

"నేను వాళ్లనెప్పుడూ చూడలేదమ్మా. పొగ కోసం కప్పలేదు. చూడటం పాపమని కప్పాం," అన్నారు ఇంగ్లీషులో, పాఠం అప్పజెప్పినట్టు.

అనా మామ్మ చెయ్యి వదల్లేదు. "మా ఆయన కూడా చూడలేదు," అంది. ఆయన ఇక్కడే పుట్టాడట. ఆ కొండ, ఆ చర్చి కంటితో చూసి ఎరగడట. వాళ్లమ్మ చెబుతుంటే విని, ఆ రంగులన్నీ ఊహించుకుని వేశాడట. ఆవిడ మమ్మల్ని క్షమించేసింది, నిజానికి అక్కడితో అయిపోవాలి. కానీ గదిలో ఉన్నవాళ్లందరూ అప్పటికే నాన్నగారి వంక చూడటం మానేశారు. ఫాదర్ లూకా వంక చూస్తున్నారు. పొగ కథ చెప్పింది ఆయన కదా. నిజం చెప్పి తేలికపడదామనుకున్న మనిషి, తనని కాపాడిన మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరును చేసి నిలబెట్టాడు. అది నాన్నగారికి కూడా అప్పుడే తట్టినట్టుంది.

ఆరోజు వాళ్ల ఆచారం ఒకటుంది. ఉపవాసాల్లోకి వెళ్లేముందు ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. మొదట ఫాదరే అడగాలి. ఏటా ఎవరికీ ఏ తప్పూ చెయ్యని మంచి మనిషి మాటవరసకి అడిగేది, ఆ ఏడు మావల్ల నిజమైపోయింది. ఆయన తన జనం ముందు మోకాళ్లూని, నుదురు నేలకి ఆనించి, మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి అన్నారు. దేవుడు క్షమిస్తాడు అని అందరూ అన్నారు, కొన్ని గొంతులు కాస్త ఆలస్యంగా. తర్వాత లేచి నాన్నగారి దగ్గరికి వచ్చి, ఆయన ముందు కూడా అలాగే వంగారు. గడ్డం నేలకి రాసుకుంది. నాన్నగారి బూట్లు తళతళలాడుతున్నాయి. మా సంఘాల్లో అయ్యగారు ఎదురైతే మనం లేచి నిలబడతాం, ఆయన మనకి వంగడం ఎక్కడా లేదు. అందరూ చూస్తున్నారు. నాన్నగారు కూడా వంగాలి. వంగితే చాలు, ఒక్క మాట అంటే చాలు. పిల్లల దగ్గర్నుంచి అందరూ ఒకరికొకరు వంగుతున్నారు, కాత్యా నా ముందు వంగింది, నేనూ వంగాను. నాన్నగారు మాత్రం నిటారుగా నిలబడిపోయారు. "అయ్యగారూ, లేవండి, లేవండి," అని తెలుగులో అన్నారు. అక్కడ ఆ మాట తెలిసినవాళ్లు మేమే. బొమ్మకి వంగని మెడ మనిషికీ వంగలేదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. తర్వాతి వారమే నాన్నగారు కారేసుకుని వెళ్లి, ఫాదర్ ఇంట్లో లేని వేళ చూసి, తాళంచెవి వాళ్ల తపాలాపెట్టెలో వేసి వచ్చేశారు. మిగతా కుటుంబాలకి ఫోన్ చేసి, ఆదివారాలు వాళ్లకే హాలు కావలసి వచ్చిందట అని చెప్పారు. ఫోను పక్కనే నేను హోంవర్క్ చేసుకుంటున్నాను. అంతమంది ముందు నిజం చెప్పినాయన, ఇంట్లో కూర్చుని ఆ చిన్న అబద్ధం ఎంత సులువుగా చెప్పారో. కొన్ని నెలలు ఇళ్లల్లో కలుసుకున్నాం. తర్వాత ఒకరు హ్యూస్టన్, ఒకరు న్యూజెర్సీ, చెదిరిపోయాం. మేం జార్జియా వచ్చేశాం. నాన్నగారు ఇక్కడ పెద్ద సంఘానికి పెద్ద అయ్యారు. గౌరవంగా బతికారు, గౌరవంగా పోయారు. ఆ హాలు మాట ఎప్పుడూ ఎత్తలేదు. ముత్తాత రాయి పారేసిన కథ కూడా ఆ తర్వాత మా ఇంట్లో వినబడలేదు.

ఇప్పుడు మా చర్చి గోడలు తెల్లగా, విశాలంగా ఉంటాయి. మధ్యలో పెద్ద స్క్రీను, దాని మీద తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పాటలు. మా పిల్లలకి చోటు కోసం ఎవరి మెట్లూ దిగాల్సిన పని లేదు. మంచిదే. కానీ పరాయివాళ్లు వంటింటి తాళం చేతిలో పెడితే ఎలా ఉంటుందో వీళ్లకి తెలియదు, ఆ తాళం ముఖం చూపించకుండా తిరిగి ఇచ్చేస్తే ఎలా ఉంటుందో కూడా తెలియదు. మా కథ చాలాకాలం నేను వేరేలా చెప్పుకున్నాను. వాళ్లని నొప్పించాం, మళ్లీ నొప్పించకూడదని తప్పుకున్నాం, అది మా మర్యాద అనుకున్నాను.

సాయంత్రం కాత్యాకి ఫోన్ చేశాను. ఇన్నేళ్లకి గొంతు విన్నాం. అమ్మ నిద్రలోనే పోయిందనీ, ఈ ఉదయమే అంత్యక్రియలు అయ్యాయనీ చెప్పింది. తర్వాత, నేను అడక్కుండానే, ఆ ఏడాది సంగతి ఎత్తింది. తాళంచెవి పెట్టెలో చూసి పొరపాటున పడేసుకున్నారేమో అనుకున్నారట. ఆ వసంతమంతా, మళ్లీ వచ్చిన చలికాలమంతా, రెండో ఆదివారం వస్తే మీలా ఆంటీ కిందికి దిగి హాల్లో హీటర్ వేసి, తెరలు తనే మూసేసి, మెట్ల మీద లైటు ఉంచేదట. వస్తారేమో, చలికి ఇబ్బంది పడతారని. రాకపోతే సాయంత్రం వెళ్లి ఆర్పేసేదట.

"అమ్మ చివరిదాకా అడుగుతూనే ఉంది, సుజాతా," అంది కాత్యా. "మావల్ల వాళ్లకి ఏం తప్పు జరిగిందో అని. ఏం జరిగింది?"

ఏమీ జరగలేదు, మీవల్ల ఏ తప్పూ లేదు, సిగ్గుతో రాలేకపోయాం అని చెప్పాను. ఆ మాట వినాల్సిన మనిషిని వాళ్లు ఆ ఉదయమే మట్టిలో పెట్టి వచ్చారు.